రెండు సామ్రాజ్యముల నడుమ సయాము



మా తాతగారు యౌవనమున కాకినాడ రేవులో పొగయోడ నెక్కి రంగూనునకు పోయి, అచ్చట నొక బియ్యపుమిల్లులో కొన్నియేండ్లు లెక్కలు వ్రాసిరి. తిరిగి వచ్చునపుడు తెచ్చిన సామానులో భూగోళపటముల పుస్తక మొకటి యుండెను. చిన్నతనమున నేను దానిని ముందుంచుకొని గంటలకొలది కూర్చుండెడివాడను. అందు ఇంగ్లీషువారి యేలుబడిలోని దేశములన్నియు ఎఱుపురంగు, ఫ్రెంచివారివి ఊదారంగు. మన దేశము ఎఱుపు. దానికి తూర్పున బర్మా ఎఱుపు. ఇంకను దిగువకు పోయిన మలయా ఎఱుపు. ఆవలనున్న అనాము, కాంభోజము, లావోసు ఊదా. ఆ రెండు రంగుల నడుమ, తొండము క్రిందికి వ్రేలాడవేసిన యేనుగుతలవలె, ఒక్క దేశము మాత్రము పసుపుపచ్చగా నుండెను. అది యెవరిదని తాతగారి నడిగితిని. "అది ఎవరిదీ కాదు నాయనా, దానిదే" అని వారు చెప్పిరి.

ఆ దేశము సయాము. నేడు దానిని థాయిలాండు అని వ్యవహరించుచున్నారు. ఇరుప్రక్కల బలవంతులైన భూస్వాములుండగా నడిచెక్క దున్నుకొను చిన్నరైతు తన గట్టు నిలుపుకొనుట యెంత కష్టమో పొలముగల మీకు నేను చెప్పనక్కరలేదు. సయాము తన గట్టును ఏ విధముగ నిలుపుకొన్నది, అందుకై యెంత నేల విడిచినది, ఆ విడిచిన నేలమీది మనుష్యుల గతి యేమైనది, అను మూడు సంగతులను మీ ముందుంచవలెనని నా కోరిక.

సయాము మనకు బొత్తిగా పరాయిది కాదు. వారి పూర్వరాజధానియగు అయుత్థయ మన అయోధ్య పేరు పెట్టుకొన్నదే. వారి 'రామకియెన్' మన రామకథయే. 1767లో బర్మావారు దండెత్తి అయుత్థయను తగులబెట్టిరి. 1782లో చక్రి వంశస్థులు బ్యాంకాకు పట్టణమును రాజధానిగ చేసికొని రాజ్యమును మరల నిలువబెట్టిరి. నాటినుండి ఆ రాజులకు పడమట బర్మావారి భయము, తూర్పున అనామువారి భయము. వారి కోటలు, సైన్యములు, సామంతులతోడి సంబంధములు సమస్తము ఆ యిద్దఱు శత్రువుల నుద్దేశించియే యేర్పడినవి.

ఇంతలో కాలము మారెను. 1824లో ప్రారంభమై 1826లో ముగిసిన యుద్ధమున ఇంగ్లీషు కంపెనీవారు బర్మాను గెలిచి అరకాను, తెనాసెరిము సీమలను గైకొనిరి. 1842 నాటికి చీనా చక్రవర్తియంతటివాడు వారి నౌకలముందు తలవంచెను. 1852లో రంగూను వారి వశమయ్యెను. పాతపగవాడు ఓడిపోయినందుకు సంతసించుట సహజము. కాని 1851లో మరణశయ్యపై నున్న సయాము రాజు, మూడవ రాముడు, అందుకు సంతసింపలేదు. ఇకమీదట బర్మాతోను అనాముతోను యుద్ధము లుండవనియు, చిక్కంతయు పాశ్చాత్యులతోనే యనియు, వారివలన నేర్వదగినది నేర్చుకొనవలెను గాని వారిని గ్రుడ్డిగ నమ్మరాదనియు ఆయన తనవారిని హెచ్చరించెనని ఆ దేశపు చరిత్రకారులు వ్రాసిరి. శత్రువు మారెనని శత్రువు ఇంటికి రాకముందే తెలిసికొనుట రాజనీతికి మొదటి మెట్టు.

ఆయన తరువాత సింహాసన మెక్కినవాడు మోంగ్‌కుట్. అది మన మకుట శబ్దమే. ఆయన ఇరువది యేడేండ్లు బౌద్ధభిక్షువుగ నుండి, పాలీభాషయు ధర్మశాస్త్రములును చదివి, మతబోధకులగు దొరలవద్ద ఇంగ్లీషును లాటినును అభ్యసించి, గ్రహగణితమున ప్రవీణుడై, నడివయస్సున రాజయ్యెను. 1855లో హాంకాంగు గవర్నరగు సర్ జాన్ బౌరింగు ఇంగ్లండు రాణి పక్షమున సంధికై బ్యాంకాకునకు వచ్చెను. కాదన్న చీనాకు పట్టిన గతి పట్టునని రాజెఱుగును. ఔనన్న నష్టమెంతయో కూడ ఎఱుగును. ఎఱిగియే ఔననెను.

ఆ సంధి షరతులు కఠినమైనవి. దిగుమతి సరకుపై నూటికి మూడుకంటె ఎక్కువ సుంకము విధింపరాదు. రాజునకు లాభము తెచ్చు వర్తకపు గుత్తహక్కులు రద్దయ్యెను. ఇంగ్లీషు ప్రజ సయాము గడ్డపై నేరము చేసినను సయాము న్యాయాధిపతి విచారింపరాదు; ఇంగ్లీషు కాన్సలే విచారింపవలెను. మన యూరిలో పొరుగూరి భూస్వామి పాలికాపు దొంగతనము చేసెననుకొనుడు. వానిని మన మునసబు ప్రశ్నింపరాదు, ఆ భూస్వామియే తీర్పు చెప్పునన్నచో మన మునసబునకు గౌరవ మేమి మిగులును? సయామునకు పట్టిన యవమాన మట్టిది. సుంకములు పోయిన లోటును నల్లమందు, సారాయి, జూదము గుత్తలకిచ్చి పూడ్చుకొనిరి. అందువలన చెడినవారు పేదప్రజలే. లాభమును లేకపోలేదు. బియ్యము ఎగుమతి చేయ ననుమతి కలుగుటచే అడవులు నఱకి వరిపొలములు చేసిరి. కొంతకాలమునకు సయాము బియ్యము తూర్పుసముద్రపు రేవులన్నిటికిని పోవుచుండెను.

ఇంగ్లీషువారికిచ్చిన హక్కులనే రాజు మరుసటి సంవత్సరము అమెరికావారికిని ఫ్రెంచివారికిని, పిమ్మట తక్కిన యూరపు రాజ్యములకును ఇచ్చెను. ఒక్క దొరకే వాకిలి తెఱచిన అతడు యజమానుడగును. పదిమందికి తెఱచిన వారు ఒకరినొకరు కనిపెట్టుకొని యుందురని ఆయన యాలోచన. ఇచ్చట మన తెలుగునాటి సంగతి యొకటి జ్ఞాపకము వచ్చుచున్నది. 1798లో హైదరాబాదు నైజాము తన కొలువులోని ఫ్రెంచి సేనానుల పటాలములను తొలగించి, రక్షణభారమంతయు ఇంగ్లీషు కంపెనీపై నుంచెను. ఆ సైన్యపు ఖర్చునకై 1800లో ఆయన విడిచిన సీమలే మన దత్తమండలములు. ఆ సంధితో హైదరాబాదు పగవారి భయమునుండి తప్పించుకొన్నది గాని, కంపెనీకి తెలియక మఱియొక రాజ్యముతో మాటలాడు స్వేచ్ఛను కోల్పోయినది. నైజాము స్థితిగతులు వేఱు, ఆయనను నిందించుట నా యుద్దేశము కాదు. ఒక్క రక్షకుని నమ్ముకొనుటకును, పలువురతో సమముగ వ్యవహరించుటకును గల భేదము తెలియుటకే చెప్పితిని.

మోంగ్‌కుట్ రాజు అంత్యదశ కూడ మన సీమతో ముడిపడియున్నది. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము పట్టెను. దానిని పరీక్షించుటకు జాన్సెన్ అను ఫ్రెంచి పండితుడు మన గుంటూరికి వచ్చెను. గుంటూరిని కప్పిన ఛాయయే బంగాళాఖాతమును దాటి సయాముపై పడెను. మోంగ్‌కుట్ రాజు గ్రహణవేళను తానే గణించి, అది చక్కగ కనబడు వాకో అను సముద్రతీర గ్రామమున పాకలు వేయించి, ఫ్రెంచి పండితులను సింగపూరు గవర్నరును అతిథులుగ పిలిచెను. ఆయన గణితము సరిపోయెను. మా దేశము అనాగరికము కాదు, మమ్ము నాగరికులను చేయు నెపమున ఎవరును రానక్కరలేదని చూపుటకే యీ శ్రమయంతయు. కాని ఆ తీరమున పట్టిన చలిజ్వరముతోనే అక్టోబరు 1వ తేదీన ఆయన మరణించెను.

కుమారుడు పదునైదేండ్లవాడు. ఆయన పేరు చూళాలంకరణ. వారి ఉచ్చారణలో చులలంకోరన్. యుక్తవయస్సు వచ్చువఱకు మంత్రియొకడు రాజ్యము నడపెను. ఆ సమయమున బాలరాజు 1871లో సింగపూరు, జావాలను, 1872లో మన దేశమును చూచి వెళ్ళెను. కలకత్తా, ఢిల్లీ, బొంబాయి, కాశి తిరిగెను. ఆయన యిచ్చట రైళ్ళను, తంతి తపాలాను, కచ్చేరీలను చూచెను. స్వంత రాజు లేని దేశమెట్లుండునో అదియు చూచియే యుండును.

ఆయన చేసిన మార్పులలో మొదటిది బానిసత్వ నిర్మూలనము. 1874లో మొదలుపెట్టి, పుట్టిన బిడ్డల వెల యేటేట తగ్గునట్లు శాసించి, 1905 నాటికి పూర్తిగ తొలగించెను. ఒక్కదినమున రద్దు చేసిన ప్రభువర్గము తిరుగబడునని నిదానించెను. ఆ దినములలో మండలాధిపతులకు జీతములు లేవు. వసూలైన పన్నులో తమకు వలసినది పట్టుకొని మిగిలినది రాజధానికి పంపెడివారు. దానిని ఆ భాషలో 'ఊరు తినుట' అనెడివారు. 1892లో మంత్రిశాఖలు పండ్రెండు ఏర్పఱచి, తన సోదరుడగు దామ్రోంగు రాజకుమారునకు దేశాంతర్గత పరిపాలన మప్పగించి, ఊరు తిను అధిపతులకు బదులు జీతముపై పని చేయు ఉద్యోగులను నియమింపసాగెను. రైలుమార్గములకు జర్మనులను, ధనశాఖకు ఇంగ్లీషువారిని, నౌకాదళమునకు డేనులను, న్యాయశాస్త్రమునకు బెల్జియమువారిని కొలువులో పెట్టుకొనెను. ఇచ్చటను తండ్రి యుపాయమే: ఏ ఒక్క దేశమునకును ఇల్లంతయు అప్పగింపకుండుట.

పొరుగున బర్మారాజు తీబా మఱియొక మార్గము తొక్కెను. ఇంగ్లీషువారికి భయపడి ఫ్రెంచివారి యండ కోరెను. 1885లో ఇంగ్లీషు సైన్యము ఐరావతీనదిమీదుగ వచ్చునప్పటికి ఫ్రెంచివా డొక్కడును తోడు రాలేదు. సుమారు రెండు వారములలో యుద్ధము ముగిసెను. రాజును రాణిని రత్నగిరికి పంపివేసిరి. తీబా అచ్చటనే 1916లో కన్నుమూసెను.

ఇంత చూచియు సయామువారు 1893లో అదే పొరపాటు చేసిరి. మేకాంగునది యెడమగట్టు తమదని ఫ్రెంచివారు పట్టుపట్టిరి. తగవు ముదిరినచో ఇంగ్లీషువారు అడ్డుపడుదురని బ్యాంకాకులో నమ్మిరి. జూలై 13వ తేదీ సాయంకాలమున రెండు ఫ్రెంచి యుద్ధనౌకలు పాక్నాము కోటల ఫిరంగులను లెక్కసేయక నదిలో ప్రవేశించి, బ్యాంకాకు నడుమ లంగరు వేసెను. ఇంగ్లండు పంపిన సలహా యొక్కటే: త్వరగ రాజీపడుడు. అక్టోబరు 3వ తేదీ సంధిలో మేకాంగు యెడమగట్టు యావత్తు ఫ్రెంచివారిదయ్యెను. నష్టపరిహార మిచ్చిరి. చంతబురి పట్టణమున ఫ్రెంచి పటాలము తిష్ఠ వేసెను. రాజు మనోవ్యాధిచే మంచము పట్టెను.

నా దృష్టిలో సయాము చరిత్రలో ముఖ్యమైన సంవత్సరము 1855 కాదు, 1893. పరరాజ్యము తనకు లాభమున్నంతవఱకే మనకు తోడు వచ్చును. మన లాభమునకై ఒక్క అడుగును వేయదు. ఈ సత్యము ఆ దేశమునకు ఆ యేట తెలిసెను.

తరువాత అదృష్టమును కొంత తోడ్పడెను. దానిని దాచుట చరిత్రకు ద్రోహము. ఇంగ్లీషువారికి బర్మా సరిహద్దున ఫ్రెంచివారితో గట్టు కలుపుకొనుట ఇష్టము లేదు. ఫ్రెంచివారికిని ఇంగ్లీషువారితో యుద్ధము అక్కరలేదు. 1896 జనవరి 15వ తేదీన ఉభయులును నడుమనున్న మేనాము నదీప్రాంతమున రెండవవారి సమ్మతి లేక సైన్యము దింపమని ఒడంబడిక చేసికొనిరి. సయామును అడుగకయే సయామును గూర్చి వ్రాసికొన్న కాగితమది. అట్లయినను ఊపిరి తీసికొనుటకు వ్యవధి దొరికెను. అదృష్టము వ్యవధినే యిచ్చును. ఆ వ్యవధిలో చేయవలసిన పని మనది.

సయాము ఆ పని చేసెను. 1897లో రాజు స్వయముగ యూరపు రాజధానులు సందర్శించి, రష్యా చక్రవర్తిని, ఇంగ్లండు రాణిని కలిసికొని, తానును వారివంటి రాజేయని లోకమునకు తెలిపెను. 1900 నాటికి బ్యాంకాకునుండి కోరాటువఱకు రైలు నడచెను. 1908లో కొత్త శిక్షాస్మృతి అమలులోనికి వచ్చెను. మా న్యాయస్థానములు సరిగ లేవనియే గదా మీ ప్రజలను మాకు అప్పగింపరు, ఇవిగో న్యాయస్థానములు, అని అడుగుటకు ఆధారము కలిగెను. ఆ యాధారముతో రాజు బేరము చేసెను. 1907లో బట్టంబాంగు, సియెంరీపు మున్నగు కాంభోజపు సీమలను ఫ్రెంచివారికిచ్చి, వారి ఆసియా ప్రజలపై విచారణాధికారమును, త్రాట్ పట్టణమును తిరిగి పొందెను. 1909లో కెడా, కెలంతాను, త్రెంగాను, పెర్లిసు అను మలయా సంస్థానములపై హక్కును ఇంగ్లీషువారికిచ్చి, వారి ప్రజలపై విచారణాధికారమును క్రమముగ పొందుటకు ఒప్పందమును, దక్షిణపు రైలుమార్గమునకు నలువది లక్షల పౌనుల ఋణమును సంపాదించెను. అంచులనిచ్చి నడిబొడ్డును నిలుపుకొనుట ఆయన నిర్ణయము.

ఇచ్చట నేను మిమ్ము ఒక్క క్షణము ఆగుమని కోరుచున్నాను. అంచులని మనమనుచున్న చోట మనుష్యులున్నారు. మేకాంగు రెండు గట్టులమీదను ఒకే భాష మాటలాడు లావో జనులు కాపురముండిరి. 1893 తరువాత నది సరిహద్దై, ఒకే జాతి రెండు ప్రభుత్వముల క్రింద పడినది. వారి నెవ్వరును అడుగలేదు. సయాములో మిగిలిన అంచులవారికిని సుఖము లేదు. బ్యాంకాకు ఉద్యోగులు పన్నులతో వచ్చి పడగా, 1902లో ఈశాన్యసీమలోను, ఉత్తరమున ఫ్రే పట్టణములోను తిరుగుబాట్లు లేచెను. వానిని సైన్యముతో నణచిరి. మలయా భాషీయులగు పటానీవారి రాజును ఆ యేడే పదవినుండి తొలగించి బంధించిరి. ఒక దేశము స్వాతంత్ర్యమును నిలుపుకొన్నదని చెప్పునపుడు, ఆ వెల నెవరు చెల్లించిరో కూడ చెప్పవలెను.

చూళాలంకరణ 1910లో మరణించెను. కుమారుడు వజిరావుధ రాజు 1917 జూలై 22వ తేదీన జర్మనీపై యుద్ధము ప్రకటించి, సుమారు 1,200 మంది సైనికులను ఫ్రాన్సుకు పంపెను. సైన్యము చిన్నదే. కాని సంధిసభలో కూర్చుండుటకు చోటు దొరికెను. నానాజాతి సమితిలో సయాము మొదటినుండియు సభ్యురాలయ్యెను. ఆ బలముతో పాతసంధులను మార్చుమని కోరగా, 1920లో అమెరికావారును, 1925లో ఫ్రెంచివారును ఇంగ్లీషువారును అంగీకరించిరి. మిగిలిన షరతులు 1937 నాటి కొత్తసంధులతో తొలగెను. 1855లో ఎఱిగి ఒప్పుకొన్న యవమానమును కడుగుకొనుటకు ఎనుబదియేండ్లకు పైగా పట్టినది. ముగ్గురు రాజులు ఆ పనిని చూడకయే గతించిరి.

సయామువారిది వెదురు నీతి యని లోకమున ఒక మాట కలదు. గాలి యెటు వీచిన అటు వంగును, విఱుగదు అని దాని భావము. ఆ మాట సగమే నిజమని నాకు తోచుచున్నది. 1941 డిసెంబరు 8వ తేదీన జపానువారు ఆ దేశమున దిగినపుడు ఫిబూన్ ప్రభుత్వము కొన్నిగంటలలోనే యుద్ధము నిలిపి, దారియిచ్చి, ఆ నెలలోనే వారితో మైత్రి చేసికొని, 1942 జనవరిలో ఇంగ్లండు, అమెరికాలపై యుద్ధము ప్రకటించెను. వెదురు వంగెను. ఆ వంగుడు ఫలితముగ సయాము నేలమీదుగ బర్మాకు జపానువారు వేసిన రైలుమార్గమున వేలకొలది యుద్ధఖైదీలును, మలయా తోటలనుండి తేబడిన దక్షిణభారతపు కూలీలును మడిసిరి. ఆ దేశమును తుదకు కాపాడినది వంగుట కాదు. వాషింగ్టనులోని వారి రాయబారి సేనీ ప్రమోజు యుద్ధప్రకటనమును అమెరికావారికి అందజేయ నిరాకరించెను. బ్యాంకాకులో రాజప్రతినిధిగ నున్న ప్రీదీ పనోమ్యోంగు రహస్యముగ స్వేచ్ఛాదళమును నడపెను. అందువలననే 1945లో ఓడినవారి పంక్తిలో కూర్చుండక తప్పించుకొని, 1946 డిసెంబరులో ఐక్యరాజ్యసమితిలో చేరగలిగిరి.

వెదురు వంగుటను అందఱును చూతురు. గాలి కది పెల్లగిలకుండుటకు కారణమైన వేరును చూచువారు తక్కువ. చూళాలంకరణ కాలమున ఆ వేరు జీతము పుచ్చుకొను ఉద్యోగి, వ్రాతలో నున్న న్యాయము, బానిసత్వమునుండి విడుదలయైన మనిషి. 1893లో ఆ వేరు ఇంకను లేతది; అందుచే నేల పోయెను. 1909 నాటికి కొంత దిగెను; అందుచే ఇచ్చినదానికి బదులు పుచ్చుకొనగలిగెను. ఇంటిని చక్కపెట్టుకొననివాడు వాకిట చేయు బేరమునకు విలువ లేదు. ఇది రాజ్యములకెంత నిజమో, మన గ్రామములకును అంతే నిజము.

తాతగారి పుస్తకము ఇప్పటికిని నాయొద్దనే యున్నది. అప్పుడప్పుడు ఆ పుట తెఱచి చూతును. అది దానిదేయని వారు చెప్పిన మాట తప్పు కాదు. కాని ఆ పసుపురంగు అంచున ఎన్నిసార్లు చెఱిపి వ్రాసిన గీతలున్నవో, ఆ గీతల క్రింద ఎవరి యిండ్లున్నవో చిన్ననాడు నాకు కనబడలేదు. ఇప్పుడు అవియే ముందుగ కనబడుచున్నవి.